ఒక్క నల్ల గింజ

ఫిబ్రవరి 4, ఆదివారం

ఇవాళ కూడా ఆ సర్జన్ కీర్తనలో ఒక పాదం మింగేశాడు. తలెత్తి చూశాను. వాడు తలెత్తలేదు.

ఫాదర్ల మఠంలో మా సంఘం నెలకోసారి కలుస్తుంది. రెండు వరసలుగా ఎదురెదురుగా కూర్చుంటాం. ఒక చరణం ఆ వరస, ఒక చరణం ఈ వరస. వాడు కిటికీ వైపు, నేను గోడ వైపు. రెండేళ్ళుగా వాడి ముఖం చూస్తూ దేవుణ్ణి స్తుతిస్తున్నాను.

మాదీ ఆ సన్యాసుల సభే, కాని ఇల్లూ సంసారం ఉన్నవాళ్ళ కోసం. ఎవరింట్లో వాళ్ళు ఉంటూ పొద్దునా సాయంత్రం ఫాదర్లు చేసే ప్రార్థనలే చేసుకుంటాం. వాళ్ళ నియమం ప్రకారం బతుకుతామని ఒకరోజు అందరి ముందూ మాట ఇస్తాం. నేనింకా ఇవ్వలేదు. శిక్షణలో ఉన్నాను. ఎనభై దగ్గరపడ్డాక శిక్షణ. వాడు మాటిచ్చి పదేళ్ళు దాటింది. ఇక్కడా వాడే సీనియర్.

ఫిబ్రవరి 5

చెల్లెలు మొగుడు పోయినప్పటి నుంచీ నా దగ్గరే ఉంటోంది. డెబ్బై దాటినా నాలుక అరగలేదు. పొద్దున కళ్ళజోడు వెతుక్కుంటుంటే, ఈ వయసులో సన్యాసుల్లో కలవడమేమిటన్నయ్యా, పాపం వాళ్ళేం చేశారు అని అడిగింది. కాఫీ చల్లారిపోయిందని కసిరాను.

ఫిబ్రవరి 13, మధ్యాహ్నం

నేను మత్తు డాక్టర్ని. పేషెంటుకు మత్తు డాక్టరు ముఖం గుర్తుండదు. గుర్తుండకపోతేనే మేం పని బాగా చేసినట్టు. కళ్ళు తెరిచాక దండాలు పెట్టేది సర్జన్‌కి. థియేటర్లో స్టూలు మీద కూర్చుని, మానిటర్ మీద ఒక చెవి వేసి, ఒక లైబ్రరీ మొత్తం చదివేశాను. కోసేవాళ్ళు చదవరు. చదవాల్సిన అవసరం వాళ్ళకి కనపడదు.

ఒకరోజు వాడి ఆపరేషన్లో ఇద్దరు పిల్లల తల్లి టేబుల్ మీదే పోయింది. వాడు కట్టకుండా వదిలేసిన రక్తనాళం వల్ల పోయింది. ఎంక్వయిరీలో వాడు నాళం ఊసెత్తలేదు. మత్తు డాక్టర్ దగ్గర నవల ఉందని చెప్పాడు. నవల ఉంది, నిజమే. మూసి ఉంది. ఆ మాట ఎవరూ అడగలేదు. వాడు డిపార్ట్‌మెంట్ హెడ్ అయ్యాడు. నన్ను కంటి వార్డుకి పంపారు. అక్కడ మత్తు డాక్టర్ అవసరం వారానికోసారి.

చదువుకోవడానికి టైము దొరికింది. అదొక్కటే లాభం.

ఫిబ్రవరి 25

నన్ను మాట ఇవ్వనివ్వాలా వద్దా అని వచ్చే మీటింగులో ఓటింగ్. ఈలోపు నాకు నిజంగా పిలుపు ఉందో లేదో నన్ను నేనే అడిగి చూసుకోమన్నారు ఫాదర్. ఆయన వయసు నా స్టెతస్కోప్ వయసు కూడా ఉండదు. అయినా ప్రశ్న ప్రశ్నే.

మొదటిసారి మఠానికి వెళ్ళింది ఒక శవాన్ని సాగనంపడానికి. వాన పడుతోందని ఆగాను. లోపల సాయంకాల ప్రార్థన మొదలైంది. ఇన్ని పుస్తకాలు చదివినా, ఏ గొంతు ఎవరిదో తెలియకుండా అంతమంది కలిసి చదవడం ఎప్పుడూ వినలేదు. మళ్ళీ వెళ్ళాను. అడిగి సంఘంలో చేరాను. చేరిన రోజే ఎదురు వరసలో వాడు కనపడ్డాడు. ఉన్నాడని ముందే తెలిస్తే గడప తొక్కేవాణ్ణి కాదు. తెలిశాక మానలేకపోయాను.

ప్రార్థన కోసం మానలేకపోయానా, వాడి కోసమా? ఇదొక్కటి తేలితే చాలు.

తేలలేదు.

మార్చి 10, ఆదివారం

మా సంఘంలో ఓటు పాతకాలం పద్ధతి. గుడ్డసంచిలో చెయ్యి పెట్టి తెల్ల చిక్కుడు గింజో, నల్ల చిక్కుడు గింజో వదులుతారు. తెలుపంటే రమ్మని, నలుపంటే వద్దని. నన్ను వరండాలో కూర్చోమన్నారు. లోపల ఎవరో దగ్గారు. రిజల్టు కోసం ఎదురుచూసే పేషెంటు బంధువులు ఇలాగే కూర్చునేవాళ్ళు. ఒక్కరోజూ బయటికొచ్చి వాళ్ళతో మాట్లాడలేదు. అది సర్జన్ల పని.

పిలిచారు. అందరూ నవ్వుమొహాలే. అంగీకరించామన్నారు. పళ్ళెంలో గింజలు పోసి ఉన్నాయి. అన్నీ తెలుపు. ఒకటి నలుపు.

మార్చి 11

వాడే.

మార్చి 12

వాడు కాక ఇంకెవడు? ఇన్నేళ్ళ తర్వాత కూడా చీకట్లో చెయ్యిపెట్టి చేసే పని వాడిదే. మాట ఇచ్చే రోజున వాడికి ఎదురుగా నిలబడి కళ్ళలోకి చూస్తాను. చెల్లెలు నేను నెల తర్వాత కడుపునిండా తిన్నానంది.

మార్చి 17

లెక్కల టీచరమ్మ ఇంటికొచ్చింది. రిటైరయింది గాని ఇప్పటికీ ఎవరితో మాట్లాడినా బోర్డు ముందు నిలబడ్డట్టే ఉంటుంది. మాకు శిక్షణ ఇచ్చేది ఆవిడే. ఆ సంఘంలో నేను గౌరవించే మనిషి ఆవిడొక్కతే. కూర్చోలేదు, మంచినీళ్ళు కూడా వద్దంది.

"ఆ నల్ల గింజ నాది డాక్టరుగారూ. దాచిపెట్టడం నాకిష్టం లేదు, అందుకే వచ్చాను."

ఎందుకని అడిగాను.

"రెండేళ్ళలో మీరు దేవుడి ముందు కూర్చోలేదు. సర్జన్‌గారి ముందు కూర్చున్నారు. ఆయనెక్కడ తడబడతాడా అని వినడమే మీ ప్రార్థన."

ఓటు నెగ్గింది కాబట్టి తాను అడ్డుపడనని, వచ్చేదీ మానేదీ నా ఇష్టమని చెప్పి వెళ్ళిపోయింది. చెల్లెలు వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆవిడ వద్దన్న మంచినీళ్ళు తనే తాగేసింది.

మార్చి 18

నల్లది ఒకటే. అది ఆవిడది. అంటే వాడు వేసింది తెల్లది.

వాడు నన్ను రమ్మన్నాడు. తప్పు చేసినవాడు వాడు. దయ చూపించేది కూడా వాడేనా? నల్ల గింజ వేసి ఉంటే ఎంత హాయిగా ఉండేది.

మార్చి 20

పొద్దున ప్రార్థన చేయలేదు. సాయంత్రం కూడా.

మార్చి 24

ఎదురు వరస లేకుండా ఒక్కణ్ణే చదవడానికి కూర్చున్నాను. ఒక చరణం చదివి, అవతలి చరణం కోసం ఆగిపోయాను. చెల్లెలు కూర తరుగుతూనే, ఆపావేమన్నయ్యా అంది. తర్వాతి చరణం తనని చదవమన్నాను. నీ బదులు నేనెలా మొక్కేదని తిట్టుకుంటూనే చదివింది. బాగానే చదివింది.

ఏప్రిల్ 13, శనివారం

రేపు మాట ఇవ్వడానికి రిహార్సల్. మోకరించాలి. ఏం కోరుతున్నావని ఫాదర్ అడుగుతారు. దేవుని దయ, మీ దయ అని జవాబు చెప్పాలి. ఆ "మీ" అన్నది ఫాదర్‌ని కాదు, సంఘం మొత్తాన్ని అని టీచరమ్మ వివరించింది. వివరించేటప్పుడు నా వైపు చూడలేదు.

దేవుని దయ సరే. ఆయనతో నాకు పేచీ లేదు. సంఘం మొత్తం అంటే వాడు కూడా. ఎంక్వయిరీ గదిలో కూడా అడగనిది ఇప్పుడు మోకాళ్ళ మీద అడగాలి.

వయసును బట్టి కుర్చీలో కూర్చుని చెప్పొచ్చన్నారు ఫాదర్. వాడు తన మాట ఎలా ఇచ్చాడని అడిగాను. మోకరించే అన్నారు. అయితే నాకూ కుర్చీ వద్దన్నాను.

ఏప్రిల్ 14

అడిగారు. దేవుని దయ అన్నాను. రెండోది నోట్లోకి వచ్చింది, బయటికి రాలేదు. ఫాదర్ మాట తీసుకోకుండానే పుస్తకం మూశారు.

లేవబోతే మోకాళ్ళు రాలేదు. ఎవరో చంకలో చెయ్యేసి లేపారు. వాడు. ఇంకా గట్టి పట్టే.

విదిలించుకోలేదు. విదిలిస్తే పడతాను.