సముద్రంలో కోతులా?

రాజేందర్, నువ్వు నాకు అబద్ధం చెప్పావు. మూడు నెలలుగా చెబుతూనే ఉన్నావు. నీకు దండాలూ క్షేమాలూ రాయడానికి నాకు చేతులు రావడం లేదు. ఫోన్ చేస్తే ఎత్తవు కాబట్టి కాగితం మీద తిడుతున్నాను.

లోతు సముద్రాన్ని పరీక్షచేసే ఓడలో వంటపని దొరికిందని తాండూరులో రైలెక్కావు. నమ్మాను. 'అమ్మా, నాయిన ఏం చేపలు చూస్తుండు?' అని బిడ్డ రోజూ ప్రాణం తీస్తుంటే, బండల పాలిష్ యూనిట్‌లో పని ముగించుకుని వచ్చి, లైబ్రరీ పుస్తకం ముందేసుకుని కూడబలుక్కుంటూ చదివాను. పదో తరగతి తప్పినదాన్ని, నీ కోసం సముద్రం నేర్చుకున్నాను.

మొన్నటి వాయిస్ మెసేజ్‌లో ఏమన్నావు? 'నాలుగు కిలోమీటర్ల కిందికి కెమెరా దించిండ్రు. ఎండ పడి పచ్చటి నాచు మస్తు మెరుస్తుండె. పైకి తీసిన చేప బకెట్ల ఈదుతుంటే నేనే అన్నం పెట్టిన.'

అక్కడిదాకా ఎండ పోదు. కిలోమీటరు దాటితే చీకటే, నాచు బతకదు. గడ్డకట్టే చలి, నెత్తిమీద కొండంత నీటి బరువు. ఆ బరువుకే అలవాటుపడిన మెత్తటి ఒళ్లు ఆ చేపలవి. పైకి లాగితే చాలావరకు చస్తాయి. కొన్ని తమ వెలుతురు తామే పుట్టించుకుంటాయి. నేల పగిలి వేడినీళ్లు ఉబికేచోట సూక్ష్మజీవులు గంధకంతో తిండి తయారుచేస్తాయి. వాటిని ఒంట్లో దాచుకుని నోరులేని పురుగులు బతుకుతాయి. మిగతాచోట్ల పైనుంచి చచ్చిన జీవుల పొడి రాలుతుంటుంది, అదే అక్కడి జీవుల అన్నం. మా యూనిట్‌లోనూ పొద్దంతా పొడే రాలుతుంది. దాంతో ఎవరూ బతకరు. నువ్వు ఎనిమిదేళ్లు దాన్నే పీల్చావు.

ఆ మెసేజ్ మళ్లీ మళ్లీ విన్నాను. నీ మాటల వెనక ఒకామె అరుస్తోంది: 'ఓ పెద్దాయనా, కోతులొచ్చినయ్! అరటిపండ్లు లోపట పెట్టు!' ఓడ మీద కోతులా? ఎవతెనో పెట్టుకున్నావనుకున్నాను. రెండు రోజులు నిన్ను తిట్టని తిట్టు లేదు. ఇంకోసారి వింటే నీ దగ్గు వినపడింది. నొక్కిపట్టినా ఆగని దగ్గు. కోతులూ దగ్గూ కలిసి ఉండేది వికారాబాద్ గుట్ట మీది ఛాతీ రోగాల దవాఖానలోనే అని అప్పుడు తట్టింది.

నీతో బండలు కోసిన ఏసుదాసు ఇప్పుడు వికారాబాద్‌లో ఆటో నడుపుతున్నాడు కదా. నిన్న బస్టాండ్ దగ్గర పట్టుకున్నాను.

'మీ దోస్తు గుట్ట మీది దవాఖానల పడ్డడా?'

'నాకేమెరుక వదినా. గాయన సముద్రంల ఉన్నడంటివి గద.'

'గట్లనా. మరి నేనొక ఉత్తరం రాస్త, ఇస్తవా?'

'ఇయ్యి వదినా, పొద్దుగూకేలోపల అందుతది.'

అనేసి నాలుక కరుచుకున్నాడు. రేపు ఇది అతని చేతికే ఇస్తాను.

తెలిస్తే వాడకట్టంతా మమ్మల్ని దూరం పెడుతుందని దాచావా? నన్నడిగితే చెప్పేదాన్ని కదా, దాచాలో వద్దో.

మీ అమ్మ మోకాళ్ల సంగతి అడిగావు. బాగానే నడుస్తోంది. కొడుకు ఓడ మీద ఉన్నాడని యాలాల్ దాకా పోయి చెప్పుకుని వచ్చింది. ఆమెకు నేనింకా ఏమీ చెప్పలేదు.

బిడ్డ సంగతీ అడిగావు. రాయడానికి ఇంతసేపు వెనకాడాను. రెండు వారాలుగా దానికి దగ్గు తగ్గడం లేదు. సాయంత్రమైతే ఒళ్లు వేడెక్కుతోంది. సోమవారం పరీక్షలకు తీసుకుపోతున్నాను. ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి దగ్గు ఉందా అని డాక్టర్ అడుగుతాడు. మా ఆయన ఓడ మీద ఉన్నాడని చెప్పాలా?

నీది దుమ్ము రోగమా, అంటుకునే క్షయా? పేరేమిటో, ఎప్పుడు బయటపడిందో రాసి ఏసుదాసుకివ్వు. ఆదివారం చీకటి పడేలోపు నా చేతిలో ఉండాలి.

ఇట్లు,
నీ బిడ్డ తల్లి
నిరోషా