బోర్గిల్ అమ్మమ్మ చలికాలపు పూత

ఓస్లో,
1976 జనవరి 6

ప్రియమైన సిగ్వార్ట్ తాతయ్యకి,

నీ అక్క మనవరాలు గుడ్రూన్ ఓస్లో నుంచి గడ్డకట్టిపోతూ రాస్తోంది. క్రిస్మస్‌కి నువ్విచ్చిన నీ పాత చెక్క స్కీలు, మంచు గుట్టలెక్కేటప్పుడు వాటి అడుగున కట్టే సీల్ జంతువు చర్మాలతో సహా క్షేమంగా చేరాయి. తలుపు పక్కన నిలబెట్టాను. వచ్చినవాళ్ళందరూ వాటినే చూస్తున్నారు.

ఇక అసలు సంగతి. ఈ చలికి చర్మం పూర్తిగా ఎండిపోయింది తాతయ్యా. పొట్టు రాలుతోంది, బీటలు వేస్తోంది. రెండూ పాడయ్యాయి, ఎడమది మరీనూ. మా ఆసుపత్రిలో రోజంతా సబ్బుతో, వేడినీళ్ళతో కడగాల్సిందే. బజారులో కొన్న పూతలన్నీ రాశాను. ఒక్కటీ గంటసేపు నిలవదు. నెలాఖరులోగా బాగుపడకపోతే జట్టులోంచి తీసేసి బల్ల దగ్గర కూర్చోబెడతానంది మా పెద్ద నర్సు హౌగెన్. ఆ జట్టే నాకు ప్రాణం, నీకు తెలుసుగా. మన ఇంట్లో కాచే చలికాలపు పూత ఎలా చేయాలో నీకొక్కడికే తెలిసుండాలి. రాసి పంపు.

ఈ కాగితం అయిపోయింది. ఇంకోటి తీస్తున్నాను.

అమ్మమ్మ పొయ్యి పక్కన కూర్చోబెట్టుకుని నా వేళ్ళకి ఆ పూత ఒక్కొక్కటిగా రాసేది, గుర్తుందా? పైన ఉన్ని తొడుగులు వేసి, "పొద్దున్నదాకా తీశావో, చూడు!" అనేది. చెట్టు బంక వాసన, గొర్రె వాసన కలిసి వచ్చేవి. ఆ వాసన కోసం ప్రాణం కొట్టుకుపోతోంది. ఇక్కడ నేను కాన్పు చేసిన పిల్లలు నా గరుకు చేతులు తగలగానే కెవ్వుమంటున్నారు. పుట్టినందుకు ఏడుస్తున్నారో, నా చేతులకి ఏడుస్తున్నారో అర్థం కావడం లేదు.

నీ జవాబు కోసం కాచుకుని,
గుడ్రూన్

తా.క. టెలిఫోన్ పెట్టించుకోవచ్చు కదా తాతయ్యా! ఊరంతా పెట్టించుకున్నారు.


వాల్‌డ్రెస్,
జనవరి 10

గుడ్రూన్ తల్లికి, పొయ్యి పక్కనుంచి సిగ్వార్ట్ తాతయ్య దీవెనలు.

నీ ఉత్తరం చదివి నా గుండె చెరువైంది. ఎంత అపురూపంగా చూసుకున్న జత అది! ఏనాడైనా గాలి తగలనిచ్చానా? సబ్బుతో కడగమన్నదెవరమ్మా? వేడినీళ్ళు కూడానా! ఆసుపత్రివాళ్ళకి బుద్ధుందా? ఇవాళ్టి నుంచి ఒక్క చుక్క నీళ్ళు తగలనివ్వకు.

జట్టులో ఉన్నావంటే ఎంత సంతోషమో. ఆడపిల్లవి, మన వంశం పేరు నిలబెడుతున్నావు. అందుకని శ్రద్ధగా విను. ముందు చర్మం ఊడదీసి, పొయ్యికి దూరంగా మేకుకి తగిలించు. తర్వాత పాత పూతంతా ఇనుప రేకుతో గీకెయ్. మొహమాటపడకు, గట్టిగా గీకు. ఆపైన చెక్క తారు పట్టించి, బుడగలొచ్చేదాకా మంట చూపించు. ఆరాక సీసా బిరడాతో రుద్దు. నున్నగా జారాలి. మొదట్లో కాస్త పొగ వస్తుంది, భయపడకు.

నీ మేలుకోరే,
సిగ్వార్ట్ తాతయ్య

తా.క. టెలిఫోన్ నాకొద్దు. దాన్లో అవతలివాళ్ళు ఎప్పుడూ అరుస్తుంటారు.

ఇంకో తా.క. నీ ఉత్తరం రెండో కాగితాన్ని మేక నమిలేసింది, అడుగున టెలిఫోన్ ముక్కే మిగిలింది. ముఖ్యమైనవేమీ లేవు కదా?


ఓస్లో,
జనవరి 15

ప్రియమైన తాతయ్యకి, నీ మొండి మనవరాలు గుడ్రూన్ రాస్తున్నది.

అంత ప్రేమగా రాశావు, చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. చిన్నప్పటి నుంచీ అంత అపురూపంగా చూసుకున్నావని నాకు ఇన్నాళ్ళూ తెలియనే తెలియదు. రెండో కాగితంలో అన్నీ అమ్మమ్మ కబుర్లే. మళ్ళీ రాయాలంటే ఏడుపొస్తుంది, మేకకే వదిలేద్దాం.

ఊడదీయమన్నది తొడుగుల సంగతనుకుని వాటిని మేకుకి తగిలించాను. ఇనుప రేకుకి ధైర్యం చాలక గరుకు రాయితో గీకాను. పడవలవాళ్ళ కొట్టుకి వెళ్ళి చెక్క తారు కొని పట్టించాను. మంట మాత్రం చూపించలేదు తాతయ్యా, అంత గుండె నిబ్బరం నాకు లేదు. బిరడాతో రుద్దాను. రుద్దుతుంటే ఎందుకు రుద్దుతున్నానో నాకే అర్థం కాలేదు.

ఫలితం చెబుతా విను. ఇంకా ఎర్రబడ్డాయి. ఎడమదాని మధ్యలో నిలువునా చీలిక. వార్డులోకి అడుగుపెట్టగానే ఒక పిల్లాడి తండ్రి, "ఇక్కడెవరైనా పడవ దించారా?" అన్నాడు. హౌగెన్ ముక్కు మూసుకుని, "నెలాఖరు, గుర్తుంచుకో!" అంది. నాకు నిజంగా భయం వేస్తోంది. ఇక నీదే భారం.

తారు కంపుతో,
గుడ్రూన్

తా.క. బుడగలు రావాలన్నావు. ఎవరికి?


వాల్‌డ్రెస్,
జనవరి 19

గుడ్రూన్ తల్లికి, తలపట్టుకుని కూర్చున్న తాతయ్య రాయడమేమంటే,

మంట చూపించకుండా తారు రాస్తే ఎర్రబడక ఏమవుతుందమ్మా! మధ్యలో నిలువునా చీలిందంటే ఇక ఆశ లేదు. జిగురు పెట్టి చిన్న మేకు కొట్టొచ్చు గానీ, మళ్ళీ చీలుతుంది. మనసు రాయి చేసుకుని చెబుతున్నాను. ఆ జత పొయ్యిలో పెట్టెయ్. ఈ కాలంలో ప్లాస్టిక్‌వి దొరుకుతున్నాయట, అవి వేయించుకో.

నీ జట్టు సంగతి నేను చూసుకుంటాను. మీ పెద్ద నర్సుకి నేనే ఉత్తరం రాశాను. "అమ్మా, మా పిల్లని జట్టులోంచి తీయకండి. పాత జత తగలబెట్టి కొత్త జత బిగించుకుంటుంది. వాటితో మీ ఆసుపత్రిలో ఎవరూ తనని అందుకోలేరు" అని వివరంగా రాశాను. మనసున్న మనిషైతే కరుగుతుంది.

దీనితోపాటు ఒక డబ్బా పంపుతున్నాను. నీలం మూత కాఫీ డబ్బా. వయసులో ఉన్నప్పుడు మన లోయ స్కీ పందెం నేను ఏటేటా గెలిచింది ఈ పూతతోనే. నేను స్వయంగా కాచినది. ఇదే ఆఖరిది. బోర్గిల్ పోయాక మళ్ళీ కాయబుద్ధి పుట్టలేదు. కొత్త స్కీల అడుగున పల్చగా రాసి, పందెంలో ఒక్క తోపు తొయ్యి. చాలు.

నీ విజయం కోరే,
సిగ్వార్ట్ తాతయ్య

తా.క. డబ్బాని మేకకి దూరంగా ఉంచు. నీ దగ్గర మేక లేదని తెలుసు, అయినా.


ఓస్లో,
జనవరి 29

స్కీలు తప్ప లోకం తెలియని మా సిగ్వార్ట్ తాతయ్యకి,

చేతులు! తాతయ్యా, చేతులు! నేను అడిగింది నా చేతుల గురించి! పందెం లేదు, పాడూ లేదు. జట్టంటే కాన్పులు చేసే జట్టు. నీ స్కీలు తలుపు పక్కన చెక్కుచెదరకుండా ఉన్నాయి.

హౌగెన్ నన్ను గదిలోకి పిలిచి, నీ ఉత్తరం అందరి ముందూ చదివింది. "పాత జత తగలబెట్టి కొత్త జత బిగించుకుంటుంది" అన్న దగ్గర ఆగి, అద్దాలు తీసి నా చేతులవంక చూసింది. "మీ తాతగారు ఎక్కడ... ఉంటున్నారు?" అని మెల్లగా అడిగింది. నేను నేలలోకి దిగిపోయాను.

ఇంటికొచ్చి కోపంతో నీ డబ్బా మూత పీకాను. తాతయ్యా, ఏమని చెప్పను? అమ్మమ్మ వాసన! అదే చెట్టు బంక, అదే గొర్రె. వంటింట్లో కింద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చేశాను. ఏడ్చి, రాసుకుని, మేకు మీది తొడుగులు తీసి వేసుకున్నాను. రోజూ అదే పని. ఇవాళ హౌగెన్ నా అరచేతులు తిప్పి తిప్పి చూసి, "ఇది ఏ మందు?" అంది. జట్టులోనే ఉన్నాను! పొద్దున పుట్టిన పిల్ల నా చేతుల్లో ఏడవకుండా ఆవలించింది.

కానీ ఇది అమ్మమ్మ చేతి పూత. నువ్వు కాచిందంటావేం?

ముద్దులతో,
గుడ్రూన్

తా.క. డబ్బా సగం అయిపోయింది. హౌగెన్ కూడా తీసుకుంటోంది.


వాల్‌డ్రెస్,
ఫిబ్రవరి 8

మెత్తని చేతుల గుడ్రూన్‌కి, పందేల వీరుడు కాని సిగ్వార్ట్ రాయునది.

నీ ఉత్తరం చదివి ముందు మండిపడ్డాను. నా పూతని పట్టుకుని చేతుల పూత అంటుందా అని! నీకు చూపిద్దామని నా పద్ధతిలోనే మళ్ళీ కాచాను. బంక, తారు, మైనం, అన్నీ నా లెక్క ప్రకారమే. స్కీలకి పట్టించి గుట్ట మీద నిలబడ్డాను. కదలవే! దిగుడులో కూడా కదలవు! పక్కింటి ఎంబ్రిక్ వచ్చి వెనక నుంచి తోశాడు. నేను ముందుకు పడ్డాను, స్కీలు అక్కడే ఉన్నాయి. మిగిలింది మేకకి పెట్టాను. కాగితం తిన్న మేక, దాన్ని వాసన చూసి వెనక్కి నడిచింది.

అప్పుడు గుర్తొచ్చింది తల్లీ. నా మొట్టమొదటి పందెంలో, తుపాకీ పేలగానే అందరూ వెళ్ళిపోయారు, నేను బయలుదేరిన చోటే అతుక్కుపోయాను. లోయంతా పడీపడీ నవ్వింది. బోర్గిల్ ఒక్కతే నవ్వలేదు. మరుసటేడు, "నువ్వు కాచు సిగ్వార్ట్, డబ్బాలో నేను పోసిస్తాను. నీకు చేతులు కాలతాయి" అంది. ఆ ఏడు గెలిచాను. ఆ తర్వాత అన్నీ గెలిచాను. ప్రతిసారీ అక్కే డబ్బాలో పోసింది. నాది ఏ మంచులో పారబోసేదో! తనది డబ్బాలో నింపి ఇచ్చి, పందెం చివర నిలబడి చప్పట్లు కొట్టేది. బతికినన్నాళ్ళూ ఒక్క మాట అనలేదు. నేను ఊళ్ళో అందరికీ నా పూత గొప్ప చెప్పుకుంటుంటే, పక్కనే కూర్చుని ఉన్ని అల్లుకునేది. నాకు సిగ్గు వేయడం లేదు గుడ్రూన్. అక్క మీద బెంగగా ఉంది.

ఆవిడ పూత ఎవరికీ చెప్పలేదు గానీ, బంక ఏరుకొచ్చినవాణ్ణి, గొర్రె కొవ్వు కరిగించి ఇచ్చినవాణ్ణి నేనే కదా. సన్నసెగ మీద స్ప్రూస్ చెట్టు బంక, కొవ్వు, కాస్త తేనెమైనం కరిగించి, పాత నారగుడ్డలో వడగట్టి, దించాక ఉప్పు లేని వెన్న కలిపేది. తారు వేసేది కాదు. నిన్న కాచాను. మూడోసారికి ఆ వాసన వచ్చింది. రెండు డబ్బాలు పంపుతున్నాను, ఒకటి మీ హౌగెన్‌కి.

అక్క పేరు చెప్పి రాసుకో.
సిగ్వార్ట్ తాతయ్య

తా.క. ఆ రోజుల్లో ఆ పూతని వట్టి అరచేత్తోనే స్కీలకి రుద్దేవాణ్ణి. పందెం రాత్రి నాట్యంలో మార్గిత్ నా చెయ్యి పట్టుకుని, "రైతువి, ఇంత మెత్తని చేతులేమిటి!" అని మురిసిపోయింది. నా పరుగు చూసి పెళ్ళాడిందని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

ఇంకో తా.క. అటక మీది పందెం కప్పు దించి, నా పేరు పైన బోర్గిల్ అని మేకుతో చెక్కాను. అక్షరాలు వంకరపోయాయి. చేతికి పూత ఉంది కదా, మేకు జారిపోతోంది.