కొత్త బండి తొలి సవారీ

ఆళ్లగడ్డ,
18-11-1959.

జబల్‌పూరులో మిలిటరీ లారీలు కడుతున్న మీకు, ఇంటి దగ్గర మీ ఉమామహేశ్వరమ్మ నమస్కరించి రాసేది. మీ నాయన, అత్తమ్మ, నేను క్షేమం. మీరు వేళకు తింటున్నారని తలుస్తాను.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను, నాకు ఆగదు. నేను మీ దగ్గరికి వచ్చేస్తున్నాను.

మీరు మన బండ్ల కొట్టం వదిలి వెళ్లిన రోజు మీ నాయన అంగడి వీధిలో నలుగురి ముందూ అన్న మాట తెలిసిందే కదా. వాడే తిరిగి రావాల, కోడల్ని మాత్రం పంపేదే ల్యా అన్నారు. ఏడాదిగా ఎంత అడిగినా వినలేదు. అత్తమ్మ అడిగితే అన్నం ముందునుంచి లేచిపోయారు. మీరు లేకుండా నాకు ఎట్లా ఉందో రాయను, రాస్తే ఏడుపొస్తుంది.

మొన్న చాగలమర్రి ఆసామి బండి తయారైంది. చేసినవాడి ఇంటివాళ్లు ఎక్కి ఊరు చుట్టి వచ్చాకే బండి ఇవ్వడం మన ఇంటి ఆనవాయితీ. మనోళ్లు కూర్చోని బండిలో ఇంకొకరిని కూర్చోబెడతామా అని మీ నాయన ఎప్పుడూ అంటారు. అత్తమ్మ, నేను ఎక్కాం. ఆయన తోలుతున్నారు. గతుకుల్లో ఎగిరిపడుతూనే నేను మెల్లగా అందుకున్నాను. మామా, ఆడ మీ కొడుకు చేసే లారీలు మనోళ్లు ఎవరూ ఎక్కకుండానే సిపాయిల దగ్గరికి పోతాండాయి, వాళ్లకేమన్నా అయితే పాపం ఎవరికి అన్నాను.

ఆయన ఎద్దులను ఆపేశారు. బండిని ఇంటికి తిప్పారు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ, బేగా మూట కట్టుకో, వాడు లారీలు చేసినన్నాళ్లూ నువ్వు ఆడనే ఉండి ఎక్కాల అన్నారు.

చూశారా మీ పెండ్లాం తెలివి. ఆయన మాటతోనే ఆయన్ను పట్టేశాను. ఆడవాళ్లను మిలిటరీ లారీ ఎవరు ఎక్కనిస్తారని పాపం ఆయనకు తోచనే లేదు. అత్తమ్మ నవ్వు ఆపుకోలేకపోతూనే మీకని చెనగ్గింజల పొడి దంచుతోంది. మా తమ్ముడు తోడు వస్తాడు. బయలుదేరే రోజు తంతి ఇస్తాం, స్టేషనుకు రండి.

మీ కోసం ఎదురుచూడ్డం ఇక చాలించిన,
ఉమామహేశ్వరమ్మ

ఉత్తరం ఇంకా డబ్బాలో వేయలేదు, ఈ నాలుగు ముక్కలు నంద్యాలలో రాస్తున్నాను. రేకు పెట్టె కొనడానికి మీ నాయనతో వచ్చాను, పెద్దదే కొనిచ్చారు. మిలిటరీ లారీలు వరుసగా పోతుంటే చూసి ఆయన నవ్వారు. వాటిలోకి ఆడోళ్లను ఎక్కనియ్యరని నాకు ఎరికే తల్లీ అన్నారు. నలుగుర్లో అన్న మాటను యాడ మింగాలో తెలీక ఏడాదిగా చస్తాంటి, నువ్వు దావ చూపిస్తివి, పట్టుకుంటి అన్నారు.