నా చంకలోని పిస్తోలును సర్కారువారు తీసుకొనవలెనని

రంగూను నగరంలో ఆయుధాల లైసెన్సులు చూచు దొరవారి సముఖమునకు, బోటాటౌంగ్ రేవులో సరుకు లెక్క రాసే గుమస్తా లంక సత్తిరాజు రాసుకున్న అర్జీ. 1927 మార్చి 9.

అయ్యా,

విషయం: లింగరాజు మేస్త్రీ గారి పిస్తోలు లైసెన్సు నుండి నా పేరు కొట్టివేయుట గురించి.

1. నేను భీమునిపట్నం వాస్తవ్యుడను. తొమ్మిదేళ్లుగా సదరు మేస్త్రీ గారి కొలువులో ఉన్నాను. వారు ఓడలలోకి బియ్యం బస్తాలు ఎత్తించుటకు కూలీలను పెట్టి నడుపుచున్నారు. కిందటి కార్తీకంలో మోకు తెగి, పైకి లేస్తున్న బస్తాలు మీద పడి బుల్లియ్య అనే కూలీ చనిపోయాడు. మోకు నలిగిపోయింది, మార్చమని అతడు ముందురోజే మేస్త్రీ గారిని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. అతడు పోయిన మర్నాడు కూలీలందరూ మేస్త్రీ గారి వాకిట్లో నిలబడ్డారు. ఎవరూ రాయి విసరలేదు, తిట్టలేదు, ఊరికే నిలబడ్డారు. మేస్త్రీ గారు అందుకే ఎక్కువ భయపడ్డారు. ప్రాణభయమున్నదని విన్నవించి మాఘంలో లైసెన్సు పొందారు. వారి చేయి వణుకుతుంది గనుక ఆయుధం మోసే నౌకరుగా నా పేరు రాయించారు. నన్ను అడగలేదు.

2. సదరు పిస్తోలు బెల్జియం దేశపుది. అరచేతిలో ఇముడుతుంది. తూస్తే ముప్పై తులాలుంది. గుళ్లు నింపే ఇచ్చారు. "రేవులో కోటు తొడిగేది నువ్వొక్కడివే గదా. యెక్కడెట్టుకుంటే అవుపడదో వారం దినాలు తిరిగి సూసి సెప్పు," అన్నారు.

ఆజ్ఞ ప్రకారం పరీక్షించాను. కోటు జేబులో పెడితే ఒక పక్క జారింది. టీ కొట్టు నడిపే బర్మా ఆవిడ డా మ్యా చూసి, "జేబులో రాయి మోస్తున్నావా?" అని నవ్వింది. పంచె మొలలో దోపితే బస్తాల గుర్తులు చూడటానికి వంగినప్పుడల్లా పొత్తికడుపులో గుచ్చుకుంది. ఒకసారి జారి తొడ దాకా వచ్చింది. ఆ పూటంతా కాళ్లు దగ్గర పెట్టుకుని నడిచాను. గొడుగు మడతలో పెడితే ఎండకు గొడుగు విప్పలేకపోయాను. చివరకు నా భార్య తాయారమ్మ పాత దుప్పటి గుడ్డతో సంచి కుట్టి, ఎడమ చంక కింద వేలాడేలా భుజానికి కట్టింది. కుడుతున్నంతసేపూ మా చిన్న ఆడపిల్లలను వాకిట్లోనే కూర్చోబెట్టింది.

3. ఆ చోటు బాగా కుదిరింది. ఎవరికీ కనపడలేదు. నా కష్టం అక్కడే మొదలయ్యింది. ఎప్పటిలాగే కూలీలు దగ్గరకు వచ్చి కూర్చున్నారు, చుట్ట అడిగారు, ఇంటికి ఉత్తరాలు రాయించుకున్నారు. ఎవరిని కాల్చడానికి దీన్ని మోస్తున్నానో వాళ్ల ఉత్తరాలే రాసిపెట్టాను.

4. ఆరో రోజున బుల్లియ్య భార్య అచ్చమ్మ వచ్చింది. కొడుకు పోయిన సంగతి స్వదేశంలో ఉన్న అత్తకు మూడు నెలలు దాటినా తెలియపరచలేదు. "రాయి బాబూ," అని కూర్చుంది గాని, మొదటి మాట దాటలేకపోయింది. "నాను సెప్పనేను. సదువుకున్నోడివి, నువ్వే ఏదో ఒకటి రాసీ," అంటూ నా కోటు రెండు పక్కలా పట్టుకుని ఏడ్చింది. ఆమె చేతికి అది తగిలింది.

"ఏటి బాబూ ఇది?"

ఆమె మళ్లీ తడిమి చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మా కోసమేనేటి?"

"మేస్త్రీ గారి ప్రాణానికి కాపలా, అచ్చమ్మా," అన్నాను.

"మేస్త్రీది పేణం. మావోడిది ఏటి?"

ఉత్తరం రాయించుకోకుండానే వెళ్లిపోయింది. ఆ ప్రశ్నకు జవాబు తమ కచేరీలో ఉంటే సెలవియ్యవలెను.

5. నాటి నుండి నేను రేవులోకి వస్తే మాటలు ఆగిపోతాయి. నా పక్కన ఎవరూ కూర్చోరు. దాహమంటే కుండ చూపిస్తారు గాని ముంచి ఇవ్వరు. నేను మోయలేనని మేస్త్రీ గారి కాళ్లు పట్టుకున్నాను. "అది ఒగ్గీస్తే రేవొగ్గీ, గదొగ్గీ," అన్నారు. మేము ఉండే గది వారిదే. తమ కచేరీకి మూడుసార్లు వచ్చాను. లైసెన్సుదారు అడిగితేనే పేరు మారునని చెప్పారు. లైసెన్సుదారు అడగరు. నదిలో పారవేద్దామంటే అది నేరం.

కాబట్టి దొరవారు ఈ వస్తువును తమ స్వాధీనంలోకి తీసుకుని, నా పేరు తీసివేయించి, ఆ ఉత్తర్వు తమ ఇష్టప్రకారమే చేసినట్లు మేస్త్రీ గారికి తెలియపరచవలెనని వేడుకుంటున్నాను. ఇంతకన్న చెప్పుకోదగిన చోటు నాకు లేదని చిత్తగించవలెను.

తమ జవాబు కోసం గుమ్మంలో కాచుకున్న విధేయుడు,
లంక సత్తిరాజు

తా.క.: పై అర్జీ రాసిన మూడోనాడు ఒక నేరం చేశాను. అచ్చమ్మ నది అవతల సిరియంలోని అన్న దగ్గరకు పోతున్నదని తెలిసి, గుళ్లు నింపి ఉన్న పిస్తోలును ఇంట్లో తాళం లేని ట్రంకుపెట్టెలో పడేసి, ఉత్త చొక్కాతో లాంచీల రేవుకు పరుగెత్తాను. నా ఒంటి మీద ఏమీ లేదని ఆమెకు చూపించాలని, అంతే.

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. "కోటేదీ?" అంది.

"ఇంటికాడ ఒగ్గీసినాను. అదీ అక్కడే ఉంది."

"ఆడపిల్లలున్న ఇంట్లోనా?" అంటూ మూట కింద పడేసింది. "బుద్ధుందేటి నీకు? ఎల్లు బాబూ, బేగెల్లు!"

నేను లాంచి కదిలేదాకా కూడా ఆగలేదు. ఇంటికి వచ్చేసరికి పొయ్యి రాజలేదు. పిల్లలు వాకిట్లో ఆకలికి ఏడుస్తున్నారు. తాయారమ్మ ఆ పెట్టె మీద కూర్చుని ఉంది. నేను వెళ్లినప్పటి నుంచీ అలాగే కూర్చుందట. లెమ్మంటే లేవదు. నేను సంచి భుజానికి కట్టుకుని, కోటు తొడుక్కుని ఎదురుగా నిలబడ్డాక లేచి వంట మొదలుపెట్టింది.