మెడంత లావయ్యేదాకా

దుర్సున్‌కి,

నీ భార్య యెతెర్ సలాం చెప్పి రాసే ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం. క్షేమం అంటే ఈ ఇంట్లో ఇంకా ఎవరూ ఎవరినీ చంపలేదని. నువ్వక్కడ జోంగుల్దాక్ బొగ్గుగనిలో, భూమి కింద హాయిగా ఉన్నావనుకుంటాను. ఇల్లంటించి వెళ్ళినవాడివి, నీకేం.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు చెప్తాను. ఇంటి మట్టికప్పు కారుతోందా అన్నావు. వసంతం వానలకి బాగా కారింది. నేనే పైకెక్కి రాతి రోలరు దొర్లించి మట్టి గట్టిపరిచాను. అంతసేపూ మీ అమ్మ కింద నిలబడి, "మెల్లగా కోడలా, కప్పు నా నెత్తిన పడేస్తావా?" అని అరుస్తూనే ఉంది. ఆవు ఈనింది, పెయ్యదూడ. జున్నంతా మీ అమ్మే తిన్నది. ద్రాక్షపాకం ఒక డబ్బా పంపమన్నావు. పంపను.

చివర్లో "అమ్మతో నీకెందుకు గొడవ" అని అడిగావు చూడు, దానికి జవాబు పొడుగు. కూర్చుని చదువు.

నీ సెలవు అయిపోయిన రోజు, బస్సుకి బయల్దేరుతూ, గుమ్మంలో నిలబడి, కామన్ ఊరి సంతలో కొన్న అక్రోటు మొక్కని తడి గోనెలో చుట్టి నా చేతిలో పెట్టావు. గుర్తుందా, లేకపోతే అదీ నేను కల్పించానంటావా? బావి పక్కన నాటనా అన్నాను. నీ మొహం తెల్లబోయింది. "నువ్వు ముట్టుకోకు. అమ్మ చేత నాటించు" అన్నావు. అని బస్సెక్కిపోయావు.

ఆ మాటకి అర్థం మన ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. అక్రోటు కాండం నాటినవాళ్ళ మెడంత లావైన నాడు, నాటినవాళ్ళు చచ్చిపోతారు. ఆ భయంతోనే కదా ఊళ్ళో సగం అక్రోట్లు కాకులు పాతిపెట్టి మర్చిపోయినవి. కాకికి మెడ గురించి బెంగ లేదు.

నేను మీ అమ్మకి సగం మాటే చెప్పాను. "అత్తా, మొక్క నీ చేత నాటించమన్నాడు" అన్నాను. "నువ్వు ముట్టుకోకు" అన్న ముక్క మింగేశాను. మీ అమ్మకే కాదు, ఎవరికీ చెప్పలేదు. ఆ ముక్క వింటే ఏ తల్లికైనా ఎలా ఉంటుందో నాకు తెలుసు. నీకే తెలియలేదు.

మీ అమ్మ రొట్టెల పిండి పిసుకుతోంది. చేతులు ఆగిపోయాయి.

"ఎవడన్నాడు?"

"నీ కొడుకు."

"నా కొడుకు నోట ఆ మాట రాదు. అది నీ కడుపులోంచి వచ్చిన మాట. యెతెర్ అంటే చాలు అని కదా. కన్నవాళ్ళే నిన్ను చూసి ఇక ఆడపిల్లలు చాలు దేవుడా అన్నారు. ఇప్పుడు నీకు నేను చాలయ్యానా?"

మర్నాటికి తందూరు దగ్గర ఆడవాళ్ళందరికీ తెలిసిపోయింది. ఎల్మాస్ కోడలు, అంటే నేను, అత్త మెడ కొలుస్తోందట. పక్కింటి సతీ అయితే నేను రొట్టె కాలుస్తుంటే నా మొహం మీదే, "మీ అత్త మెడ సన్నం కదే, ఎక్కువ రోజులు ఆగక్కర్లేదులే" అని నవ్వింది. నేను అట్లకాడ విసిరేసి వచ్చేశాను. అది తగల్లేదు, తగిలితే బాగుండేది.

అందుకే నీకు రాశాను. "నీ మాట నీదని ఒప్పుకో, నన్ను ఈ నిందలోంచి తప్పించు" అని బతిమాలాను. నువ్వేం చేశావు? నాకు జవాబు రాయకుండా మీ అమ్మకి రాశావు, అదీ ఇమాం చేత చదివించమని. ఆయన మన ముంగిట్లో నిలబడి అందరూ వింటుండగా చదివాడు. "అమ్మా, నేనలా అనలేదు. యెతెర్ ఏదో తప్పు విన్నది." ఇమాం అద్దాలు తీసి నన్ను చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. మా నాన్న కబురు పంపాడు, అబద్ధాలాడే కూతురు నాకు లేదని. పిరికివాడా. గనిలోకి దిగడానికి భయం లేదు గానీ, నీ నోట వచ్చిన మాట నీదనడానికి భయమా?

ఇమాం వెళ్ళీ వెళ్ళగానే మీ అమ్మ కొంగు బిగించి పార తీసింది. "నా కొడుకు నాటమనలేదు. ఇక నేను నా ఇష్టం మీద నాటుతా. నన్నెవరూ ఆపలేరు" అంది. బావి పక్కన చోటుండగా, సరిగ్గా నా వంటింటి కిటికీ కిందే గుంట తవ్వడం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి మొక్క పట్టుకున్నాను.

"ఇటివ్వు. నేనే నాటుతాను. అప్పుడైనా ఊరి నోరు మూతపడుతుంది."

"వదులు."

"నా మెడ, నా ఇష్టం. నీకేం?"

ఇద్దరం మొక్కని చెరో కొసా పట్టుకుని లాగుతున్నాం. కోళ్ళు కూడా భయపడి దూరంగా పోయాయి. అప్పుడు మీ అమ్మ ఆయాసపడుతూ అంది, "నువ్వు ముట్టుకోవద్దని చెప్పాడా లేదా వాడు?"

నా చేతులు వదిలేశాయి. ఆ ముక్క నేనెవరికీ చెప్పలేదు కదా, దుర్సున్.

మీ అమ్మకి కూడా అర్థమైంది నోరు జారిందని. గుంటలో మొక్క నిలబెట్టి, మట్టి తోసి, చెప్పుకాలితో తొక్కింది. తర్వాత నా వైపు చూడకుండా చెప్పింది.

"తలుపు వెనకే ఉన్నాను. వాడికి దారిలో తినడానికి రొట్టెల మూట తెస్తున్నా. విన్నాను."

"మరి నన్నెందుకు అబద్ధాలకోరుని చేశావత్తా?"

"వాడికి ముందు ముగ్గురు మట్టిలో కలిశారే. వీడైనా నిలవాలని, నిలవనీ అనే అర్థంతోనే దుర్సున్ అని పేరు పెట్టుకున్నా. నిలిచాడు. నిలిచి, రెండు మెడలు చూసి, నాది చాలనుకున్నాడు. ఆ మాట నువ్వన్నావనుకుంటే తిట్టుకుంటూ బతుకుతాను. వాడన్నాడనుకుంటే ఎట్లా బతకను, చెప్పు?"

నేను లోపలికెళ్ళి పొయ్యి వెలిగించాను.

ఆ రోజు నుంచి మేం మంచిగా ఉన్నామనుకుంటున్నావేమో. లేదు. పొద్దున లేస్తే తిట్లే. ఉప్పెక్కువైందంటుంది, మజ్జిగ పలచనంటుంది, నేనూ ఊరుకోను. అన్నిటికంటే పెద్ద గొడవ ఆ మొక్కకి నీళ్ళ దగ్గర. ఆప్రికాటుకి పోస్తాను, మిరపకి పోస్తాను, అక్రోటుకి పొయ్యను. "నా చెట్టు మీద నీకెందుకే అంత కక్ష?" అంటుంది. మర్చిపోయానంటాను. ఊరంతా నాది రాతిగుండె అంటోంది. అననీ.

నీకొక్కడికే చెప్తున్నాను, మళ్ళీ ఇమాంకి రాసి చదివించకు. మర్చిపోయి కాదు, కావాలనే పొయ్యడం లేదు. అది లావెక్కకూడదు. ఆమె నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడిగి వజూ చేసుకున్నాక చెంబులో మిగిలిన నీళ్ళు తెచ్చి దానికి పోస్తుంది, నేను కిటికీలోంచి చూసి పళ్ళు కొరుక్కుంటాను. ప్రేమ అనుకోకు. ఈ ఇంట్లో నా మీద అరిచేదైనా ఆమె ఒక్కతే, నువ్వున్నావా?

ఇప్పుడు ఉత్తరాలు నా చేతే చదివిస్తోంది. కొత్తవి కాదు, ఆ పాతదే. శుక్రవారం జుమ్మా నమాజు వేళకి కిటికీ కింద పీట వేసుకుని కూర్చుని, "చదువు కోడలా" అంటుంది. చదువుతాను. "అమ్మా, నేనలా అనలేదు. యెతెర్ ఏదో తప్పు విన్నది." ఆమె మొక్క ఆకు మీద దుమ్ము తుడుస్తూ, "మళ్ళీ చదువు" అంటుంది. మళ్ళీ చదువుతాను.

నిజం ఒప్పుకోమని నీకు ఎన్నిసార్లో రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇక ఎప్పటికీ ఒప్పుకోకు. ఆమె ముందు గానీ, ఊరి ముందు గానీ, తాగినప్పుడు గానీ. తప్పు విన్నది నేనే.

సెలవుకి వచ్చేటప్పుడు ఇంకో అక్రోటు మొక్క తెచ్చుకో. బావి పక్కన గుంట తవ్వి ఉంచాను. నాటేది నువ్వు, నీళ్ళు పోసేది నేను. దానికి మాత్రం మర్చిపోకుండా పోస్తాను.

ఇట్లు,
ఊరందరికీ అబద్ధాలకోరు, నీకు భార్య,
యెతెర్