రెండు బొండాలు తాగిన మనిషి

వజ్రపుకొత్తూరు,
17-10-2005.

ప్రియమైన అప్పకి,

ముందు అసలు సంగతి చెప్పేస్తాను, మిగతాది కంగారు లేకుండా చదువుకుందువు గాని. మీ మరిదికి కిడ్నీ జబ్బు లేదు. నేనే పరీక్ష పెట్టి చూశాను.

పోయిన నెల మా ఊళ్ళో క్యాంపు పెట్టి మా ఇద్దరి రక్తమూ తీశారని రాశాను కదా. కాగితాలు తేవడానికి పలాస వెళ్ళిన మీ మరిది ఉత్త చేతులతో వచ్చాడు. "ఏటన్నారు?" అంటే "ఇద్దరికీ బాగానే ఉందన్నారు" అన్నాడు. కాగితాలేవంటే దారిలో ఎక్కడో పడిపోయాయట. ఆ మర్నాటి నుంచి కూరలో ఉప్పు తగ్గించమన్నాడు. ఆవకాయ జాడీ అటకెక్కించాడు. ఎదురింటి గున్నయ్య మావ కూడా మొదట్లో ఇలాగే చేశాడు. ఆయన పోయి ఏడాదయింది. నాకు భయం వేసి ఎవరూ చూడకుండా ఏడ్చాను. ఏడవడం అయిపోయాక, జబ్బే అయితే నా కిడ్నీ ఒకటి ఇచ్చేద్దామని అనుకున్నాను. రెండున్నాయి కదా, మనిషికి ఒకటి చాలదా?

ఇంతలో దసరా సెలవులకి "కొండకెల్దాం, వత్తావా?" అన్నాడు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళ నుంచీ మహేంద్రగిరి చూపించమని నేను అడగడం, జీపుకి బేరాలున్నాయని తను తప్పించుకోవడం మామూలే. అడక్కుండా తీసుకెళ్తానంటే అనుమానం బలపడదా చెప్పు!

పొద్దున్నే బయల్దేరాం. రోజూ పదిహేనుమంది వేలాడే జీపులో ఇద్దరమే. టెక్కలి, మెళియాపుట్టి దాటి, పర్లాకిమిడిలో టీ తాగి కొండెక్కాం. రోడ్డు సగం ఉంది, సగం లేదు. మలుపు తిరిగినప్పుడల్లా లోయ చూసి నేను కళ్ళు మూసుకోవడం, తను నవ్వడం. మబ్బులు మా కంటే కింద ఉన్నాయంటే నమ్ముతావా? పైన రాతిగుళ్ళు ఉన్నాయి. భీముడి గుడి చూసి "ఇంత సిన్నదేటి? ఆ మనిసి ఇందల దూరగలడా?" అన్నాడు మీ మరిది. తూర్పున మబ్బు విడితే సముద్రం సన్నగా కనిపించింది. "అదిగో, మనూరు అక్కడే" అని వేలెత్తి చూపించాడు. ఊరు కనబడలేదు గాని కనబడిందన్నాను. అన్నం తినేటప్పుడు నా ఆకులోని ఎండుచేప ముక్క కూడా తీసి తినేశాడు, కక్కుర్తి మనిషి.

దిగొచ్చాక పర్లాకిమిడి దగ్గర కొబ్బరి బొండాల బండి కనిపించింది. నా పరీక్ష అదే. ఈ జబ్బుకి డాక్టర్లు ముందు మాన్పించేది బొండమే. మా ఉద్దానం ఊళ్ళలో ఎవరైనా బొండం వద్దన్నారంటే ఇంకేమీ అడగక్కర్లేదు. "రెండు కొట్టు" అన్నాను. "ఉద్దానం కాయలే అమ్మా" అన్నాడు బండివాడు. మొదటిది మీ మరిదికిచ్చి ఊపిరి బిగబట్టి చూశాను. గటగటా తాగేశాడు! నాకు ప్రాణం లేచొచ్చింది. అంతటితో ఆగాడా? నా చేతిలోదీ లాక్కున్నాడు.

"మరి నాదో?" అన్నాను.

"నీకు జలుబు సేత్తాది" అని అదీ తాగేశాడు.

ఇంటికొచ్చేలోపు నాలుగుసార్లు జీపు ఆపాడు, ఎందుకో వేరే చెప్పాలా? నేను నవ్వుతూనే ఉన్నాను. ఇంత హాయిగా నవ్వి నెలయింది అప్పా.

నీ చెల్లి,
ఉషారాణి


ఇచ్ఛాపురం,
24-10-2005.

ఉషా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మరిది తన బొండం తాగాడు, బాగుంది. నీది ఎందుకు తాగాడే? నీ ఆకులో చేప ముక్క ఎందుకు తీశాడు? రక్తం తీసింది ఇద్దరికీ కదా. అడుగు. రమ్మంటే ఆ పూటే రైలెక్కుతాను.

ధనమ్మ అప్ప


వజ్రపుకొత్తూరు,
14-11-2005.

అప్పా,

అడిగాను. జీపు తుడుస్తున్న మనిషి దగ్గరికి వెళ్ళి "నా బొండం ఎందుకు తాగీసినావు?" అన్నాను. గుడ్డ కింద పడేసి, సీటు కింద నుంచి కాగితాలు తీశాడు. ఎక్కడా పడిపోలేదు. తనది బాగుంది. నాది బాగాలేదు.

"సెబితే కొండ సూడకుండా ఏడుత్తూ కూకుంటావు. తొమ్మిదేళ్ళ నుంచి అడిగినావు గదా" అని తనే ఏడ్చాడు. నా రక్తం సంగతి నాకు చెప్పకపోవడమేమిటని నోటికొచ్చినట్టు తిట్టాను. పడ్డాడు. కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

విశాఖ తీసుకెళ్ళాడు. మందులు వాడుతూ పథ్యం పాటిస్తే చాలా ఏళ్ళు నెట్టుకురావచ్చన్నాడు డాక్టరు. "రెండున్నాయి గదా బాబూ, ఒకటి నాది తీసి ఈవిడకెట్టండి" అన్నాడు మీ మరిది. నేను మనసులో అనుకున్న మాటే, ఎవరికీ చెప్పనిది, నీకు తప్ప. ఇప్పుడే అవసరం లేదని డాక్టరు పంపేశాడు. నువ్వు పరుగెత్తుకు రానక్కర్లేదు. కంగారేమీ లేదు, కూరలో ఉప్పు లేదంతే.

తిరిగొస్తూ పలాస స్టేషను బయట బొండాల బండి దగ్గర ఆగాను. ఒకటే కొట్టించి ఆయన చేతికిచ్చాను. వద్దు వద్దంటుంటే తాగేదాకా ఊరుకోలేదు.

"ఎలాగుంది?" అన్నాను.

మూతి తుడుచుకుని, నా మొహం చూడకుండా "సప్పగుంది" అన్నాడు.

మా ఉద్దానం బొండం చప్పగా ఉండటం ఎక్కడైనా ఉందా, అప్పా?

నీ
ఉష