టోపీ దొర కోర్ టీమ్

ఫిబ్రవరి 2, ఆదివారం

ఈ రోజు నుంచి నేను విదేశీయుణ్ణి.

బాన్సువాడలో డిగ్రీ చదివి, పోటీ పరీక్షలు రాస్తూ, తాతయ్య మడికి నీళ్ళు పెడుతూ ఎవరికీ హాని చేయకుండా బతుకుతున్న నన్ను రేఖ ఫోన్ చేసి పిలిచింది. డిగ్రీలో మా క్లాసే. సినిమా తీస్తోందట. షార్ట్ ఫిల్మ్. చారిత్రకం, పైగా వ్యంగ్యం. దొర వేషం నాది. నేనే ఎందుకు అని వినయంగా అడిగాను. నాలో నటుణ్ణి గుర్తించానంటుందని ఆశ. పిల్లికండ్లు నీకే ఉన్నయి గద అంది.

కథ ఇది. ఎప్పుడో ఒక కాలంలో ఓడ దిగి, చేరిన ప్రతి సైన్యం నుంచీ పారిపోయిన ఒక దొర, ఫిరంగి ఒకటి ఈడ్చుకుంటూ మంజీర ఒడ్డున ఓ మట్టికోటకి వస్తాడు. రాజు నిద్రపోతూ ఉంటాడు. దొర వెళ్ళి గద్దె మీద కూర్చుంటాడు. రాజ్యం మారిపోతుంది. గుండు మాత్రం ఒక్కటే ఉంది. పేలిస్తే అయిపోతుంది. కాబట్టి పేల్చకుండా ఏలాలి. ఇలాంటివాడు చరిత్రలో ఉన్నాడా అంటే లేడంది. తానే పుట్టించిందట.

సినిమా పేరు 'టోపీ దొర'. వాట్సాప్ గ్రూపు పెట్టింది: 'టోపీ దొర కోర్ టీమ్'. అందులో రేఖ, కెమెరా పట్టే వాళ్ళ చిన్నాన్న కొడుకు గోవర్ధన్, నేను. గ్రూపు డీపీని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. డీపీలో ఏమీ లేదు.

ఫిబ్రవరి 5

ఆయుధ సంపత్తి సిద్ధం. మా బోరు దగ్గర పడి ఉన్న పైపుకి నల్లరంగు వేశాను. తాతయ్య వచ్చి చూశాడు. మా తాతయ్య రత్తయ్య, నిజాంసాగర్ కాలవ నీళ్ళ కబురు విని వాళ్ళ నాన్న కృష్ణా జిల్లా నుంచి బండి కట్టుకొస్తే, ఆ బండిలో చంటిపిల్లాడిగా వచ్చిన మనిషి. నీళ్ళ పైపుకి ఈ మసేంట్రా అబ్బాయ్ అన్నాడు. రాజ్యాలు కూల్చడానికి అన్నాను. సరే, కూల్చాక ఎక్కడ తీశావో అక్కడ పెట్టు అన్నాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం

మొదటి షూటింగ్. రేఖ వాళ్ళ తండా వెనక గుట్ట దగ్గర. తండా అంతా నటీనటులే. నిద్రపోయే రాజు వేషం రేఖ నాన్న మోతీలాల్‌ది. చెరకు నరికి నేరుగా వచ్చి పడుకున్నాడు. యాక్షన్ అనగానే గురక. కట్ అన్నా గురకే. గద్దె పోయింది లేవయ్యా అని గోవర్ధన్ చెవిలో అరిస్తే, పోతె పోనీ అని అటు తిరిగి పడుకున్నాడు. ఆ మాట సినిమాలో ఉంచేసింది రేఖ.

ముఖ్యమైన విషయం. నేను బండి దిగగానే ఆడవాళ్ళు ఒకరితో ఒకరు 'కోర్ ఆయో' అన్నారు. 'ఆయో' అంటే వచ్చాడని డిగ్రీ రోజుల్లోనే రేఖ నేర్పింది. కోర్ వచ్చాడు! అంటే కోర్ టీమ్ గురించి ఇంట్లో చెప్పుకుంది. తండా మొత్తానికి తెలుసు. గోవర్ధన్‌ని మాత్రం ఎవరూ కోర్ అనలేదు. పాపం. కోర్‌లోనూ అసలు కోర్ నేనేనన్నమాట.

ఫిబ్రవరి 16, ఆదివారం

నీడ పన్ను సీన్ తీశాం. ఎవరి నీడ ఎంత పొడుగుంటే అంత పన్ను కట్టాలని దొర ఆజ్ఞ. జనం కరెక్టుగా నడినెత్తిన పొద్దున్నప్పుడు వచ్చి, కాళ్ళ కింద నీడ చూపించి, ఇగో దొరా, గింతనే అంటారు. రేఖ నానమ్మ సోమ్లవ్వ అయితే తన నీడని కొంగుతో దులిపి మరీ చూపించింది.

నా టోపీ గురించి రాయాలి. బిచ్కుంద అంగట్లో కొన్న ఎండ టోపీ, దానికి కోడి ఈక. ప్రతి షాట్‌కీ ముందు రేఖ వచ్చి దాన్ని సరిచేస్తుంది. పక్కకి కొంచెం, ముందుకి కొంచెం. ఆ కొంచెంసేపు ఆమె ముఖం నా ముఖానికి బెత్తెడు దూరంలో ఉంటుంది. నన్ను చూడదు. టోపీనే చూస్తుంది. చేతుల మీద సుద్ద పొడి, క్లాప్ కొట్టే పలకది. నేను ఊపిరి బిగపట్టి, ఒక రాజ్యాన్ని కబళించబోయేవాడిలా దూరంగా చూస్తాను. ఆమె వెనక్కి తిరగగానే టోపీని మళ్ళీ వంకర చేస్తాను.

ఆరోసారో ఏడోసారో, నీ తలకాయనే వంకరున్నదా ఏందిరా అంది.

ఉంది.

ఫిబ్రవరి 18

వారానికి ఆదివారం ఒక్కటే ఎందుకు పెట్టారో కనుక్కోవాలి.

ఫిబ్రవరి 23, ఆదివారం, మధ్యాహ్నం

చారిత్రక దినం. టీషర్టు వేసుకుని వెళ్ళాను. బాన్సువాడలో ప్రింట్ చేయించాను. ముందు టోపీ బొమ్మ, వీపు మీద అరచేయంత అక్షరాలతో 'కోర్'. కంపెనీ పేరా అన్నా అని ప్రింటింగ్ షాపతను అడిగాడు. అంతకంటే ఎక్కువ అన్నాను.

తండాలో దిగగానే సంచలనం. పిల్లలు నా వెనకే నడిచారు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. సోమ్లవ్వకి చదువు రాదు. గోవర్ధన్ చదివి వినిపిస్తే నవ్వీ నవ్వీ రోలు మీద కూలబడింది. తర్వాత లేచి వచ్చి నా వీపు నిమిరి, మంచి పని జేసినవ్ బిడ్డా, ఎవలు అడగకముందే రాసుకొచ్చినవ్ అంది. కళ్ళు చెమర్చాయి నాకు. రేఖ మాత్రం ఎందుకో స్క్రిప్టులో తల దూర్చేసి ఎత్తలేదు. సిగ్గు అనుకుంటాను.

అదే రోజు, సాయంత్రం

గోవర్ధన్ నాతోపాటు బండి మీద బాన్సువాడ వచ్చాడు, బ్యాటరీ కొనాలని. బీర్కూర్ రోడ్డు మీద టీ తాగుతుంటే, ఏమనుకోకు రాజన్నా అన్నాడు. ఆ మాట తర్వాత మంచి వార్త ఎప్పుడూ రాదు.

మేం లంబాడోళ్ళం గోర్ అన్నా అన్నాడు. మేం గానోళ్ళంత కోర్. కోర్ అంటే బయటోడన్నట్టు. తిట్టు గాదు, గట్ల అంటం గంతే.

టీ చల్లారింది. వెనక టేబుల్ వాళ్ళు నా వీపు చదువుతున్నారు.

ఫిబ్రవరి 24

ఇవాళ ఏమీ రాయను.

ఫిబ్రవరి 27

టీషర్టుతో బండి తుడుస్తున్నాను. తాతయ్య చూసి కొత్త గుడ్డతో తుడుస్తావేంట్రా అంటే, చెప్పేశాను. కథ కూడా చెప్పాను. అయితే ఎవడో బయటోడొచ్చి ఇక్కడ కూర్చున్నట్టు రాసిందా ఆ పిల్ల, అది మన మీదేనేమోరా అన్నాడు. కాదు తాతయ్యా, దొరల మీద అన్నాను. అన్నాక నాకే అనుమానం వచ్చింది.

తాతయ్యకి కోపం రాలేదు. ఇక్కడ నన్ను ఆంధ్రోడంటారు, మనూళ్ళో పెళ్ళికెళ్తే నైజాం వాళ్ళొచ్చారు, కూరలో కారం ఎక్కువెయ్యండంటారు, ఏ పేరూ లేకుండా ఉండేది మధ్యలో బస్సులోనేరా అన్నాడు. అని, నా చేతిలోంచి టీషర్టు తీసుకుని తన సైకిల్ కూడా తుడుచుకున్నాడు.

మార్చి 2, ఆదివారం

వెళ్ళాను. మామూలు చొక్కాతో. వెళ్ళకుండా ఉండాలంటే ఆదివారాన్ని రద్దు చేయాలి, అది దొర అధికారంలో కూడా లేదు.

అక్కడ మోతీలాల్ ద్వారా రెండో వార్త. రేఖ ఈ సినిమాని పూణేకి పంపిస్తోందట. అక్కడ సినిమా చదువు. ఇది నచ్చితే సీటు. ఆయన గర్వంగా, బిడ్డ వోతది సారూ అంటున్నాడు. దొర వేషం వేసినప్పటి నుంచీ నన్ను సారూ అంటాడు.

అంటే నేను బాగా నటిస్తే ఆమె వెళ్ళిపోతుంది.

ఇవాళ నా నటన వర్ణించాలంటే కొత్త మాటలు కనిపెట్టాలి. డైలాగ్ మర్చిపోయాను. ఫ్రేములోంచి నడిచి వెళ్ళిపోయాను. ఫిరంగి మీద కూర్చుని దాన్ని పగలగొట్టాను. ఎమోషనల్ క్లోజప్‌లో తుమ్మాను, అది నిజం తుమ్మే, కానీ ఆపుకోలేదు. వెలుతురు పోయింది. రేఖ అరవలేదు. నీకు యాక్టింగ్ రాదని తెలుసు గని, గింత రాదని తెల్వకపాయె అంది. మెల్లగా అంది.

టోపీ వంకరగానే ఉంది. ఆమె సరిచేయలేదు.

మార్చి 4

రేఖే వచ్చింది, బాన్సువాడ బస్టాండు పక్కన జిరాక్స్ పని ఉందని. ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. కోర్ సంగతి ముందే ఎందుకు చెప్పలేదన్నాను. చెప్దామనే అనుకున్న, నువ్వు గా అంగి ఏసుకొని నవ్వుకుంట దిగినవ్, ఇగ ఎట్ల జెప్పాలె అంది. నేల చూస్తూ అంది.

అప్పుడు అడిగాను. జోకు కలపకుండా నేను అడిగిన మొదటి ప్రశ్న అది. నీక్కూడా నేను కోరేనా?

నిజాంసాగర్ బస్సు వచ్చింది, నిండింది, పోయింది. ఆ తర్వాత రేఖ సంచీలోంచి పెన్ను తీసింది. గీ మాట టోపీ దొర అడగాలె, గిదే క్లైమాక్సు అని, జిరాక్స్ కాయితం వెనక రాయడం మొదలుపెట్టింది.

నా గుండె పగిలిన చప్పుడు ఆమెకి డైలాగులా వినిపించింది. డైరెక్టర్లని ప్రేమించకూడదు.

కానీ ఆ ఒక్క మాటని ఆమె రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాయడం నేను చూశాను. లేదా పెన్ను సరిగ్గా రాయలేదేమో. రెండూ రాసి పెడుతున్నాను.

మార్చి 9, ఆదివారం

పాత క్లైమాక్సులో జనం తిరగబడి దొరని మంజీరలో ముంచుతారు. కొత్తదాంట్లో ఎవరూ తిరగబడరు. మూటలు కట్టుకుని, మేకల్ని తోలుకుని, ఏమీ మాట్లాడకుండా గుట్ట దిగి వెళ్ళిపోతారు. దొర ఖాళీ కోటకి ఆజ్ఞలు ఇస్తూనే ఉంటాడు. చివరికి దాచుకున్న ఒక్క గుండూ పేలుస్తాడు. ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. అప్పుడు ముసలామె ఒక్కతే తిరిగొస్తుంది. దొర ముఖం వెలిగిపోతుంది. ఆమె వచ్చింది మర్చిపోయిన కోడిపెట్ట కోసం.

పైపుకి అతుకు వేసుకొచ్చాను. లోపల గోవర్ధన్ పటాకు పెట్టాడు. పేలింది. ఆ పొగలో సోమ్లవ్వ వంగి కోడిపెట్టని పట్టుకుంటుంటే, నేను మోకాళ్ళ మీద కూర్చుని నా డైలాగ్ అడిగాను: "ఇన్నాళ్ళున్నాను కదా అవ్వా. నేను మీవాణ్ణి కానా?"

బాగా చేయకూడదనే అనుకున్నాను. నిజం. కానీ అది నా ప్రశ్న. నా ప్రశ్నని నేనే చెడగొట్టుకోలేకపోయాను.

సోమ్లవ్వ కోడిని చంకలో పెట్టుకుని నన్ను చూసింది. కోర్ అంది. తిట్టినట్టు కాదు. పొద్దుగూకింది అన్నట్టు అంది. అని వెళ్ళిపోయింది.

రేఖ కట్ చెప్పలేదు. నేను అలాగే ఉన్నాను. గోవర్ధన్ అక్కా, అక్కా అంటున్నాడు. చివరికి ఆమె వచ్చి కింద పడ్డ టోపీ తీసింది, దుమ్ము దులిపింది. నా తల మీద పెట్టలేదు. తన చేతిలోనే పట్టుకుని పక్కన కూర్చుంది. ఒక్క టేకుకే ఓకే.

మార్చి 14, హోలీ

తండాలో తెల్ల దుప్పటి కట్టి వేశారు సినిమా. నాతో తాతయ్య కూడా వచ్చాడు, తన పైపు ఏమైందో చూస్తానని. మోతీలాల్ పక్కన మంచం మీద కూర్చున్నాడు. నిద్రపోతున్న తనని తాను చూసుకుని మోతీలాల్ పకపకా నవ్వాడు. కోడిపెట్ట సీనుకి అందరూ నవ్వారు. తర్వాత సోమ్లవ్వ ఆ మాట అంటుంది కదా, అక్కడ నవ్వు ఆగిపోయింది. తాతయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పొగ ఎక్కువైందిరా అన్నాడు. పొగ తెర మీద ఉంది.

వెళ్ళేటప్పుడు సోమ్లవ్వ నా రెండు చెంపలకీ రంగు పూసి, కోర్ అని, మళ్ళీ నవ్వింది. ఈసారి నేనూ నవ్వాను.

జూన్ 20

సీటు వచ్చింది. గ్రూపులో నేనే మొదట కంగ్రాట్స్ పెట్టాను. పెట్టి ఫోన్ బియ్యం డబ్బాలో దాచాను.

జులై 13, ఆదివారం

బాన్సువాడ బస్టాండు. బిచ్కుంద మీదుగా దెగ్లూరు, అక్కడి నుంచి పూణే బస్సు. మోతీలాల్ సామాను ఎక్కిస్తున్నాడు. నేను ఒక ప్రసంగం సిద్ధం చేసుకుని వెళ్ళాను. గంభీరమైనది, మధ్యలో రెండు జోకులతో.

రేఖే ముందుగా అడిగింది. గా టీషర్టు ఏడవెట్టినవ్ అని. బండి తుడుస్తున్నా అన్నాను. తీస్కరా పో అంది. తెచ్చాను. గ్రీజు మరకలతోనే సంచీలో కుక్కుకుంది. ఆడికి వోయినంక ఉతుక్కుంట తియ్ అంది.

డ్రైవర్ హారన్ కొట్టాడు. ఆమె చెయ్యెత్తి నా తల దాకా తెచ్చింది, పక్కకి కొంచెం, ముందుకి కొంచెం. ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది, టోపీ లేదని. చెయ్యి కాసేపు అక్కడే ఉండిపోయింది.

ప్రసంగం నా దగ్గరే ఉంది.

ఆగస్టు 3, ఆదివారం

తాతయ్య ఫిరంగిని మళ్ళీ మడికి పెట్టాడు. అతుకు దగ్గర కొంచెం కారుతోంది.

పూణే నుంచి ఫోటో వచ్చింది. గ్రూపులో కాదు, నాకు. ఏవో మెట్ల మీద, ఆ టీషర్టుతో అటు తిరిగి నిలబడింది. వీపు మీద నా అక్షరాలు, 'కోర్'. అక్కడ వాటిని చదవగలిగేవాళ్ళు ఎవరూ ఉండరు. కింద రాసింది: ఈడ నేనే.